పోస్టర్ కుదరాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. తెలుగులో, ఒడియాలో పోస్టర్లు చేస్తుంటాను, చూడ్డానికి గజిబిజిగా ఉంటాయి. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

సాఫ్ట్‌వేర్ తర్వాత చూద్దాం, ముందు కన్ను అలవాటు పడాలి. మీ జిల్లాలోనే సవర ఊళ్లలో గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మను తీరిగ్గా చూడండి. ఎర్రమట్టి గోడ, దాని మీద బియ్యప్పిండి తెలుపు. రెండే రంగులైనా దూరం నుంచే కనబడుతుంది. కాంట్రాస్ట్ అంటే అదే. చుట్టూ ఉన్న చట్రం చూపును లోపలికి లాగుతుంది. మనుషులు, చెట్లు, జంతువులు ఒకే తీరు గీతలతో మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి అంతా ఒక్కటిగా నిలుస్తుంది. (అది పూజకు వేసే బొమ్మ. చూసి నేర్చుకోండి, దయచేసి పోస్టర్‌లో అతికించకండి.)

మీకు అసలు చిక్కు అక్షరాలతోనే అనుకుంటాను. ఒడియా అక్షరానికి పైన గుండ్రటి గీత, బరువంతా అక్కడే. తెలుగుకు గుడులు పైన, ఒత్తులు కింద. వరుసల మధ్య ఇంగ్లిష్‌కు సరిపోయేంత ఖాళీయే ఉంచితే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. తెలుగు వరుసల మధ్య ఎడం పెంచండి. ఫాంట్లు ఒకే కుటుంబంలోవి తీసుకోండి: తెలుగుకు బాలూ తమ్ముడు, ఒడియాకు బాలూ భాయినా. రెండూ ఉచితమే.

ఇక పోస్టర్‌లో ఒక్క విషయమే పెద్దగా ఉండాలి. పూర్తయ్యాక ఇంట్లోవాళ్లకు పది అడుగుల దూరం నుంచి మూడు సెకన్లు చూపించి, ఏం చదివారో అడగండి. తేదీ చెప్పలేకపోతే తేదీని పెంచకండి, పక్కనున్నవి తగ్గించండి.