ఒంటి బ్యాండు కనిపిస్తే

గుంటూరు, బ్రాడీపేట

అమ్మలూ,

బెజవాడలో నువ్వు చేరిన ల్యాబ్‌లో ఫ్రాజైల్ ఎక్స్ (ఎక్స్ క్రోమోజోము మీది జీను వల్ల వంశంలో వచ్చే బుద్ధిమాంద్యం) పరీక్ష పెట్టబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అక్క సంబరం అంతా ఇంతా కాదు. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి మనసులో ఏదో పీకుతూనే ఉంది. షుగరు పరీక్ష తప్పొస్తే రేపు పొద్దున మళ్లీ రక్తం తీయొచ్చు. ఈ జబ్బుకి మూలమైన ఎఫ్‌ఎంఆర్1 జీను మీద తప్పు రిపోర్టు రాస్తే అది తప్పని తెలియడానికి ఒక బిడ్డ పుట్టాలి, రెండేళ్లు పెరగాలి, మాటలు రాకపోవాలి. అందుకే ఈ ఉత్తరం. విసుక్కోకుండా చదువు.

తేలికవి ముందు చెప్పేస్తాను. రక్తం ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో 2, 3 మి.లీ. చాలు. క్రోమోజోములు చూసే క్యారియోటైపు పరీక్షకి హెపారిన్ ట్యూబు కావాలి కాబట్టి క్లినిక్కుల్లో నర్సులు రెండూ కలిపేస్తారు. ఆకుపచ్చ మూత వస్తే మొహమాటం లేకుండా తిప్పి పంపు, హెపారిన్ ఉంటే పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకి నకళ్లు తీసే పద్ధతి) నడవదు. మే నెలలో నరసరావుపేట నుంచి, తెనాలి నుంచి వచ్చే శాంపిళ్లు ఐస్ ప్యాకుతో రావాలి. ట్యూబు మాత్రం ఐస్‌కి నేరుగా తగలకూడదు, గడ్డకట్టి కణాలు పగులుతాయి. డీఎన్‌ఏ శుభ్రత చెప్పే 260/280 నిష్పత్తి 1.8 దగ్గర ఉండాలి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు అంతగా పట్టనిది ఈ జీను స్వభావం. ఎక్స్ క్రోమోజోము పొడుగు చేయి చివర, 27.3 దగ్గర ఉంటుంది. 1991లో దొరికింది. అంతకుముందు దీన్ని మైక్రోస్కోపు కింద పట్టుకునేవాళ్లు. 1977లో గ్రాంట్ సదర్‌లాండ్ అని ఆస్ట్రేలియా ఆయన కిటుకు కనిపెట్టాడు: కణాల్ని ఫోలేట్ తక్కువగా ఉన్న మీడియంలో కడుపు మాడ్చి పెంచితేనే ఎక్స్ చివర దారానికి వేలాడుతున్నట్టు తెగి కనిపిస్తుంది. అదీ అన్ని కణాల్లో కాదు, కూర్చుని లెక్కపెట్టాలి. జబ్బు జీనుని మోసే క్యారియర్ ఆడవాళ్లలో చాలాసార్లు ఒక్కటి కూడా కనిపించేది కాదు. ఫోలేట్ దండిగా ఉన్న మామూలు మీడియం పొరపాటున వాడితే ఆ వారం వచ్చిన వాళ్లందరూ ఆరోగ్యవంతులే! పరీక్ష చూడలేకపోవడానికీ జబ్బు లేకపోవడానికీ తేడా తెలియని రోగం ఈ రంగానికి అప్పటిది.

ఈ జీను చేసే ప్రొటీను ఎఫ్‌ఎంఆర్‌పీ. మెదడు కణాల్లో ఎన్నో ఎంఆర్‌ఎన్‌ఏలను (ప్రొటీను తయారీకి వెళ్లే జీను నకళ్లను) పట్టుకుని, వాటి మీద ప్రొటీను తయారీ ఎప్పుడు ఆగాలో చూస్తుంది. మన ప్రకాశం బ్యారేజీ గేట్లే అనుకో. గేట్లు నీళ్లు పుట్టించవు, ఎప్పుడెంత వదలాలో చూస్తాయి. ఫ్రాజైల్ ఎక్స్‌లో సాధారణంగా గేటు తయారీ పత్రానికి ఏమీ కాదు. ఆ పత్రానికి ముందున్న భాగంలో సీజీజీ అనే మూడక్షరాలు మళ్లీ మళ్లీ వస్తాయి. వాటినే రిపీట్లంటాం. 44 వరకూ మామూలు. 45 నుంచి 54 నడిమి రకం. 55 నుంచి 200 ప్రీమ్యుటేషన్, అంటే బిడ్డకి వెళ్లేటప్పుడు పెరగగల దశ. 200 దాటితే ఫుల్ మ్యుటేషన్, ఆ ప్రాంతమంతా మిథైల్ గుంపు పట్టి జీనుకి తాళం పడుతుంది, ప్రొటీను తయారవదు. దీనికి వ్యతిరేకమైన కేసు కూడా ఒకటుంది. రిపీట్లు మామూలే, కానీ ప్రొటీనులో 304వ స్థానంలో ఐసోల్యూసిన్‌కి బదులు ఆస్పరజిన్ పడింది. ఆర్‌ఎన్‌ఏని పట్టుకునే కేహెచ్ అనే మడతలో పడిందది. గేటు ఉంది, బిగియదు. జబ్బు తీవ్రంగానే వచ్చింది. కాబట్టి నీ రిపోర్టులో "ఫ్రాజైల్ ఎక్స్ లేదు" అని రాయకు. "రిపీట్ల సంఖ్య మామూలు పరిధిలో ఉంది" అని రాయి. నువ్వు చూసింది రిపీట్లనే.

పీసీఆర్ దగ్గర మొదటి పేచీ: ఆ వరసంతా జీ, సీ అక్షరాలే కావడంతో డీఎన్‌ఏ పోగులు విడిపోవు. మామూలు మిక్సుతో 30 రిపీట్లు వస్తాయేమో, 100 రావు. పోగుల్ని వదులుచేసే బీటెయిన్ వేయి. 5 మోలార్ ద్రావణం 11 మైక్రోలీటర్లు వేస్తే 25 మైక్రోలీటర్లలో 2.2 మోలార్ అవుతుంది. విడదీసే వేడి 97కి తగ్గకూడదు. పొడిగింపు 68 దగ్గర 4 నిమిషాలు ఇచ్చి, పది సైకిళ్ల తర్వాత సైకిలుకి 20 సెకన్లు పెంచుకుంటూ పో. డీఎంఎస్‌ఓ కూడా పనిచేస్తుంది గానీ 10 శాతం చేరితే నకళ్లు తీసే ఎంజైము పాలిమరేజుకే ఊపిరాడదు. జెల్ మీద మగపిల్లాడి లేను (వరస) బ్యాండు, అంటే గీత, లేకుండా ఖాళీగా వస్తే ఫుల్ మ్యుటేషన్ అని గంతులేయకు. డీఎన్‌ఏ పాడైనా ఖాళీనే. అదే ట్యూబులో ఇంకో జీను ముక్క వచ్చేట్టు పెట్టుకుంటే ఏ ఖాళీ ఏదో తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ఏ ల్యాబ్ అని అడగకు, సంతకం నాది.

ఒక అమ్మాయి. తమ్ముడికి ఫుల్ మ్యుటేషన్ అని అప్పటికే తేలింది. ఈమెకి సంబంధం కుదిరింది, తనలో ఉందేమో చూడమన్నారు. జెల్ మీద 30 దగ్గర ఒకటే బ్యాండు, చక్కగా, మందంగా. ఆడపిల్లకి రెండు ఎక్స్‌లు కదా, రెండు బ్యాండ్లు రావాలి. అయితే రెండూ ఒకే సైజు ఉన్న ఆడవాళ్లు బోలెడంతమంది. "30, 30. మామూలు" అని రిపోర్టు వెళ్లిపోయింది.

పరీక్ష పనిచేసిందో లేదో చూడటానికి పక్కన నడిపే కంట్రోల్ బ్రహ్మాండంగా వచ్చింది. మోసం చేసింది అదే. కంట్రోల్‌గా పెట్టింది 85 రిపీట్లున్న మగవాడి డీఎన్‌ఏ. మగవాడి ట్యూబులో ఒక్కటే ఎక్స్, పాలిమరేజుకి వేరే గతి లేదు, కష్టపడైనా దాన్నే రాస్తుంది. ఆడమనిషి ట్యూబులో 30ది, 90ది పక్కపక్కన ఉంటాయి. పొట్టిది మొదటి పది సైకిళ్లలోనే ముందుకెళ్లిపోతుంది. ప్రైమర్లు (నకలు మొదలుపెట్టే చిన్న ముక్కలు), న్యూక్లియోటైడ్లు అన్నీ అదే లాగేసుకుంటుంది. 90 ఎక్కడో అడుగున మిగులుతుంది. పైగా ఆ మిక్సులో జీ బదులు 7-డీఅజా జీ వాడారు. పోగులు విడిపోవడానికి అది మంచిదే గానీ ఇథీడియం రంగు దాని మీద సరిగా వెలగదు. ఉన్న కాస్త బ్యాండూ చీకట్లో కలిసిపోయింది. "85 కనిపించింది కాబట్టి 90 ఉంటే కనిపించేదే" అనుకోవడం దగ్గరే దెబ్బ తగిలింది.

ఇందులో మరీ బాధ ఏమిటంటే, కొత్త మిషను ఏమీ అక్కర్లేదు, లెక్క చాలు. తర్వాత అమ్మానాన్నల రక్తం తీసి చూస్తే తండ్రిది 30. తల్లిది 23, ఇంకోటి 80 దాటినది. తండ్రి ఎక్స్ కూతురికి తప్పకుండా వస్తుంది, కనక కనిపించిన 30 నాన్నది. మరి అమ్మ ఇచ్చిందేది? 23 ఇచ్చి ఉంటే అదీ కనిపించాలి, అంత పొట్టిది రాకపోవడమనేది ఉండదు. కనిపించలేదంటే ఇచ్చింది రెండోదే. తల్లి దగ్గర 2 మి.లీ. రక్తం అడిగి ఉంటే రిపోర్టు మారేది. ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి కొడుక్కి రెండున్నరేళ్లు దాటినా మాటలు రాక మళ్లీ అదే ల్యాబ్‌కి వచ్చారు. పిల్లాడి సదరన్ బ్లాట్‌లో (నకళ్లు తీయకుండా డీఎన్‌ఏ ముక్కల్ని నేరుగా కొలిచే పద్ధతి) 5.7 కిలోబేసుల పైన పొగలాంటి మరక. మామూలు మగవాడికి 2.8 దగ్గర ఉండాల్సిన గీత అసలు లేదు.

అందుకని చెబుతున్నాను తల్లీ, ఆడమనిషికి ఒంటి బ్యాండు వస్తే సంతకం పెట్టకు. పెట్టకు అంటే పెట్టకు. ట్రిప్లెట్ ప్రైమ్‌డ్ పీసీఆర్ చేసి తీరాలి. అందులో మూడో ప్రైమరు సీజీజీల మధ్యలోనే ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంది. అందుకే మూడేసి బేసుల ఎడంతో మెట్లు మెట్లుగా పీకులొస్తాయి. రెండూ 30లే అయితే మెట్లు 30తో ఆగిపోతాయి. పెద్దది దాక్కుని ఉంటే 55 దాటి పోతూనే ఉంటాయి. మధ్యలో పళ్లూడినట్టు కనిపించే చోట్లు ఏజీజీలు. 30లో మామూలుగా పది సీజీజీలు, ఒక ఏజీజీ, తొమ్మిది, మళ్లీ ఏజీజీ, తొమ్మిది ఉంటాయి. అవి ముడుల్లా రిపీట్లు జారకుండా పట్టి ఉంచుతాయి. 60 ఉండి రెండు ముడులున్నావిడా, 60 ఉండి ఒక్క ముడీ లేనావిడా ఒకటి కాదు. రెండో ఆవిడ బిడ్డకి పెరిగే ప్రమాదం ఎక్కువ. 100 దాటిందంటే తల్లి నుంచి వచ్చేటప్పుడు దాదాపు ఎప్పుడూ ఫుల్ అవుతుంది.

ట్రేసు, అంటే ఆ పీకుల గ్రాఫు, చూసేటప్పుడు స్క్రీను స్కేలుని నమ్మకు. సాఫ్టువేరు పెద్ద పీకుకి తగ్గట్టు బొమ్మ గీస్తుంది, కుడివైపు తోక నేలకి అంటుకుపోయి గీతలా ఉంటుంది. నిలువు స్కేలు కిందికి దించి, 55 నుంచి చివరిదాకా వేలు పెట్టి చూడు. ఇంకోటి, సీజీజీ ముక్కలు సైజు స్టాండర్డు కన్నా వేగంగా పరుగెడతాయి, ఉన్నదానికన్నా పొట్టిగా చదువుతాయి. తెలిసిన సైజుల డీఎన్‌ఏతో సరిచేసుకోకపోతే 56 ఉన్నావిడ 53 అనిపించుకుని ఇంటికెళుతుంది. కంట్రోళ్లు న్యూజెర్సీలో కొరియెల్ వాళ్ల డీఎన్‌ఏ బ్యాంకులో దొరుకుతాయి. ఆడవాళ్లవి తెప్పించు, ఒకటి మామూలు-ప్రీమ్యుటేషన్, ఒకటి మామూలు-ఫుల్. ప్రతి రన్నులో రెండూ ఉండాలి. ఖరీదని మేనేజ్‌మెంటు గొణిగితే నాతో మాట్లాడమను.

సదరన్ నువ్వు మొదట్లో పెట్టుకోకు. 7 నుంచి 10 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ తింటుంది, వారం పడుతుంది. మిథైలేషను తేలాల్సినవి, సగం కణాల్లో ఒక రకం సగంలో ఒక రకం ఉన్నవి మాత్రం బయటికి పంపు.

మన వైపు ఫారాల్లో "మేనరికమా?" అని ఒక గడి ఉంటుంది. "కాదు" అని టిక్కు ఉంటే డాక్టరు వంశం సంగతి అంతటితో వదిలేస్తాడు. ఇది మేనరికంతో వచ్చే జబ్బు కాదు, ఒక్క ఎక్స్ చాలు. మేనరికం చేసేదల్లా చిక్కుముడి వేయడం. అమ్మమ్మకి ప్రీమ్యుటేషన్ ఉంది, కూతురికీ కొడుక్కీ వచ్చింది అనుకో. కొడుకు బాగానే ఉంటాడు. కూతురి కూతుర్ని ఆ మేనమామకే ఇచ్చారు. వాళ్లకి పుట్టే ఆడపిల్లకి తండ్రి నుంచి ఎలాగూ వస్తుంది, తల్లికీ ఉంటే సగానికి సగం అటునుంచీ రావొచ్చు. అప్పుడా పిల్లకి మామూలు ఎక్స్ అన్నదే ఉండదు. నీ జెల్ మీద 30 దగ్గర ఏమీ ఉండదు, "శాంపిలు పాడైంది" అని పక్కన పడేస్తావు. వంశవృక్షం చేత్తో గీయి. "మీ ఇంట్లో బుద్ధిమాంద్యం ఉందా?" అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. "తాతయ్యకి యాభై దాటాక చేతులు వణికాయా, నడక తూలిందా? పిన్నికి నలభై లోపే నెలసరి ఆగిందా?" అని అడుగు. ప్రీమ్యుటేషన్ ఉన్నవాళ్లలో కనిపించే గుర్తులివి. అలాంటి ఆడవాళ్లలో ఐదుగురిలో ఒకరికి అలా తొందరగా ఆగిపోతుంది. ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకునే విషయాలివి.

రిపోర్టు ఆ తల్లి చేతికే ఇవ్వు, ఒక్కదాన్ని కూర్చోబెట్టి. అత్తగారి ముందు, మరిది ముందు చదవకు. "కోడలు తెచ్చిన జబ్బు" అనడానికి మనవాళ్లకి క్షణం పట్టదు. ఆ ఎక్స్ ఆమెకి వాళ్ల నాన్న ఇచ్చి ఉండొచ్చు, ఆయన ఆరోగ్యంగా తిరుగుతూ ఉండొచ్చు. ఆ మాట ఆమెకి అర్థమయ్యేలా చెప్పు, తొందరపడకు, ఏడిస్తే ఏడవనివ్వు. ఏ లక్షణమూ లేని చెల్లెలికి పద్దెనిమిది నిండకుండా క్యారియర్ పరీక్ష చేయమంటే చేయకు. పెద్దయ్యాక తనే వస్తుంది.

గర్భంలో బిడ్డకి పరీక్ష ఇప్పుడే మొదలెట్టకు. గర్భంలో లింగ నిర్ధారణని నిషేధించే 1994 చట్టం కింద ల్యాబ్ రిజిస్టరు కావాలి. బిడ్డ ఆడో మగో ట్రేసులోనే తెలిసిపోతుంది, అది నీ నోటి వెంట, నీ ముఖం మీద కూడా బయటికి రాకూడదు. 11 నుంచి 13 వారాల్లో తీసే మావి ముక్కలో మిథైలేషను ఇంకా పూర్తిగా కుదరదు, దాన్నిబట్టి ఏదీ తేల్చకు, రిపీట్ల సంఖ్యే చూడాలి. తల్లి కణాలు కలిశాయేమో చూడటానికి ఆమె డీఎన్‌ఏ పక్కనే నడపాలి. ఇదంతా ఏడాది తర్వాత మాట.

మొదటి ఇరవై మంది ఆడవాళ్ల ట్రేసులు నాకు చూపించు. వాట్సాప్‌లో పంపకు, పేర్లుంటాయి. పేర్లు కొట్టేసి ప్రింటు తీసి ఏదో ఒక ఆదివారం బస్సెక్కి వచ్చేయి. మగవాళ్లవి తేవక్కర్లేదు, అవి నువ్వే చూసుకోగలవు. పోయిన నెలే కళ్లజోడు మార్పించుకున్నాను, కుడివైపు తోకలో చిన్న పీకులు కూడా కనిపిస్తాయి.

మీ మావయ్య