మారిషస్ బంధువులు మావాళ్లేనా?

ప్రశ్న: మా ముత్తాత తమ్ముడు చెరకు తోటల్లో పనికని మారిషస్ వెళ్లి తిరిగి రాలేదు. ఆయన వారసులమంటూ ఇప్పుడు ఒకరు ఉత్తరం రాశారు. ఇంటిపేరు మాత్రం కలవడం లేదు. నిర్ధారించుకోవడం ఎలా?

జవాబు: ఇంటిపేరు కలవకపోవడం మామూలే. అక్కడి నమోదుల్లో తండ్రి పేరే పిల్లలకు ఇంటిపేరుగా మారిపోయింది. అందుకే పేరును కాక వలస నంబరును పట్టుకోండి. ఓడ దిగిన ప్రతి కూలీకీ ఒక నంబరు ఇచ్చేవారు. పిల్లల జనన, వివాహ పత్రాల్లో అది తరచు కనిపిస్తుంది. ఒక్కో తరం వెనక్కి వెళుతూ ఆ పత్రాల నకళ్లు తీయించమని వాళ్లకు రాయండి. నంబరు దొరికితే మోకా అనే ఊరిలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ భద్రపరచిన వలస రిజిస్టర్లలో ఓడ, వచ్చిన తేదీ, వయసు, జిల్లా, చాలాసార్లు గ్రామం కూడా తెలుస్తాయి.

ఎక్కువ మంది పొరబడేది ఊరి దగ్గరే. కోరంగి అని ఉంటే అది ఓడ ఎక్కిన రేవు కావచ్చు, సొంతూరే అనుకోవద్దు. విశాఖపట్నం జిల్లా అని ఉంటే నేటి శ్రీకాకుళం, విజయనగరం వైపు కూడా వెతకాలి. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో జిల్లాలయ్యాయి. గ్రామం పేరు గుమాస్తా చెవికి వినబడినట్టు రాసింది కనుక పైకి చదివి చూడండి. వయసు ఉజ్జాయింపే, నాలుగైదేళ్ల తేడాకు కొట్టేయకండి. తండ్రి పేరు, గ్రామం రెండూ కలిస్తేనే నమ్మవచ్చు.