నడుమ ఉబ్బిన సానరాయిని చదును చేయాలా?

ప్రశ్న: మా తాతగారి పొదిలో ఒక మంగలి కత్తి, దానితోపాటు జానెడు సానరాయి దొరికాయి. రాయి నడుమ కొంచెం ఎత్తుగా, రెండు కొసలా పల్లంగా ఉంది. అరిగిపోయింది కనుక చదును చేయించనిదే పనికిరాదని ఇక్కడి దుకాణదారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, జయనగర్, బెంగళూరు

జవాబు: తొందరపడకండి. వాడకంలో అరిగిన రాయి సాధారణంగా నడుమ గుంటపడుతుంది, చేయి ఎక్కువగా ఆడేది అక్కడే కనుక. నడుమ ఎత్తుగా ఉందంటే తెలిసినవారెవరో కావాలని మలిచిన రాయి అయివుండే అవకాశమే ఎక్కువ. స్టీలు స్కేలును రాయి పొడవునా అంచు మీద నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా చూడండి. కొసల దగ్గర వెలుగు గీత కనిపిస్తే ఉబ్బు, నడుమ కనిపిస్తే గుంట. గుంటయితే దుకాణదారు మాటే వినండి. 20 సెంటీమీటర్ల రాయి నడుమ అర మిల్లీమీటరు ఎత్తుంటే, అది 10 మీటర్ల వ్యాసార్ధం గల వంపు, అంటే చాలా స్వల్పమైనదే. ఇలాంటి ఉబ్బును మలిచేది ఇలా: రెండు రాళ్ల మధ్య ఇసుకపొడి, నీళ్లు వేసి చాలాసేపు రుద్దితే పైరాయి గుంటగా, కిందిరాయి ఉబ్బుగా తయారవుతాయి (టెలిస్కోపు అద్దాలను చేత్తో మలిచేదీ ఈ సూత్రంతోనే).

మంగలి కత్తిని వెన్నూ అంచూ రెండూ రాయిని తాకేలా పడుకోబెట్టి నూరుతారు కనుక, కోణాన్ని వెన్ను మందమే నిర్ణయిస్తుంది; దాన్ని చేతితో అంచనా కట్టే పని లేదు. చిక్కంతా అలుగుతోనే (కత్తి పలకతోనే). పాత కత్తుల్లో అది కాస్త వంగి ఉండటం మామూలే. అలాంటి అలుగును చదునురాయి మీద పెడితే ఒక వైపున రెండు కొసలే తాకి, నడిమి భాగం పదునెక్కకుండా మిగిలిపోతుంది. ఉబ్బురాయి ఆ పల్లంలోకి అందుతుంది. పైగా అంచు వెనుక లోహాన్ని వెంట్రుకవాసి పలచన చేస్తుంది కాబట్టి ఆఖరి మెరుగు త్వరగా వస్తుంది.

రాయిని తడిపి, అంచు ముందుండేలా, పిడివైపు నుంచి మొనదాకా అలుగంతా రాయికి తగిలేటట్లు ఏటవాలుగా నడపాలి. ఒకసారికి తాకేది చిన్న భాగమే, ఒత్తిడంతా దాని మీదే పడుతుంది; అందువల్ల కత్తి బరువే చాలు, చేతి బరువు మోపితే అంచు దెబ్బతింటుంది. రెండో వైపుకు మార్చేటప్పుడు కత్తిని వెన్ను మీదుగానే దొర్లించాలి. నూరాక అంచును సాపు చేసే తోలుపట్టా మీద మాత్రం వెన్ను ముందు, అంచు వెనుక. పని మొదలుపెట్టే ముందు అంచును భూతద్దంతో పరిశీలించండి. తుప్పు గుంటలు అంచుదాకా వచ్చివుంటే, ముందుగా 1000 గ్రిట్ (గరుకుదనపు కొలత) రాయి మీద కొత్త అంచు తీయించుకోవలసిందే.