ఐ-864 ఫారం గురించి బుజ్జికి

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో "డ్యాన్స్ క్లాసులు చెప్పుకునేదాన్ని, నేనేం స్పాన్సర్ చేస్తాను పెద్దమ్మా" అన్నావు. పక్కన చుట్టాలున్నారు, సరిగ్గా మాట్లాడలేకపోయాను. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో. అల్లుణ్ణి, అదే మీ ఆయన్ని, అమెరికా తెచ్చుకోవాలంటే నువ్వు వేయాల్సింది ఈ ఐ-864. వచ్చాక అతని పోషణకి నాదీ బాధ్యత అని ప్రభుత్వానికి రాసిచ్చే హామీ పత్రం అది.

ముందు ఎంత ఆదాయం చూపించాలో తెలుసుకో. లక్ష డాలర్లు ఉంటే గానీ కుదరదన్నట్టు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. అదేం కాదు. ఇక్కడి ప్రభుత్వం ఏటా పేదరికపు గీత ఒకటి గీస్తుంది, దానికి 125 శాతం ఆదాయం చూపిస్తే చాలు. 2025 లెక్కల ప్రకారం ఇద్దరున్న ఇంటికి అది 26,437 డాలర్లు. ఏడాది మొదట్లో మారుతుంది కాబట్టి ఫారం పంపే ముందు ఈ అంకెలుండే ఐ-864పి పట్టిక మళ్లీ చూసుకో.

ఇద్దరంటే నువ్వూ, అల్లుడూ. నీ రూమ్మేట్ రాదు, కాకినాడలో ఉన్న మీ అత్తమామలూ రారు. కానీ ఇదివరకు నువ్వు ఇంకెవరికైనా ఇదే ఫారం మీద సంతకం పెట్టి, ఆ బాధ్యత ఇంకా తీరకపోతే వాళ్లనీ కలపాలి. నేను బోల్తా పడింది అక్కడే. మీ మామయ్య పెళ్లయ్యాక మీ అత్తకి జాయింట్ స్పాన్సర్‌గా, అంటే అసలు స్పాన్సర్‌కి తోడుగా హామీ ఇచ్చే మనిషిగా, నేను సంతకం పెట్టాను. అంతకుముందు అమ్మమ్మ గ్రీన్‌కార్డుకీ నేనే పెట్టాను. అమ్మమ్మ ఉండేది మామయ్య దగ్గర కదా, మా ఇంటి లెక్కలో ఎందుకని వదిలేశాను. ఎక్కడ ఉంటున్నారన్నది కాదు, ఎవరి సంతకం మీద వచ్చారన్నది లెక్క. ఫారం తిరిగొచ్చింది, మూడు నెలలు పోయాయి. మీ అత్త అన్నాళ్లూ సర్దిన సూట్‌కేసు విప్పకుండా కూర్చుంది.

ఇక నీ సంగతి. ఫీజుల కింద నీకు ఏడాదికి 38 వేలు వస్తున్నాయన్నావు, ఆ అంకె మర్చిపో. హాలు అద్దె, కాస్ట్యూములు, కారు మైళ్లు అన్నీ తీసేశాక ట్యాక్స్ రిటర్న్‌లో 1040 ఫారం తొమ్మిదో లైన్‌లో మిగిలిన మొత్తమే వాళ్లు చూస్తారు. నీకది 21 వేలు. ట్యాక్స్ తగ్గిందని ఏప్రిల్‌లో స్వీట్లు పంచావు, గుర్తుందా? అప్పుడు నీకు కలిసొచ్చిన కాగితమే ఇప్పుడు అడ్డం పడుతోంది. అలాగని ఖర్చులు దాచి కొత్త రిటర్న్ వేసే ఆలోచన మాత్రం పెట్టుకోకు.

తక్కువ పడింది 5,437 డాలర్లు. దీనికి మూడు దారులున్నాయి.

నీకు పౌరసత్వం ఉంది కాబట్టి తక్కువ పడినదానికి మూడు రెట్లు ఆస్తి చూపించొచ్చు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉండి ఉంటే అయిదు రెట్లు కావాల్సి వచ్చేది. మూడు రెట్లంటే 16,311 డాలర్లు. అల్లుడి పేరున కాకినాడ బ్యాంకులో ఉన్న డిపాజిట్ కూడా చెల్లుతుంది, కానీ ఏడాదిలోపు డబ్బుగా మారేదై ఉండాలి. తాతగారి ఉమ్మడి పొలం, పెళ్లినాటి నగలు ఇందులోకి లాక్కురాకు. ఏడాది స్టేట్‌మెంట్లు చూస్తారు, నిన్నగాక మొన్న ఎవరో వేసిన డబ్బయితే ఇట్టే తెలిసిపోతుంది.

రెండోది, మీ ఊరి స్కూల్లో పార్ట్‌టైమ్ పని వస్తుందన్నావే, అది ఒప్పుకో. పోయినేడాది రిటర్న్ ఒక్కటే కాదు, ఇప్పటి ఆదాయాన్నీ లెక్కేస్తారు. స్కూలు వాళ్ల ఉత్తరం, ఆర్నెల్ల పే స్టబ్‌లు (జీతం చీటీలు) జత చెయ్యి. నన్నడిగితే ఇదే అన్నిటికంటే గట్టి దారి.

మూడోది జాయింట్ స్పాన్సర్. నువ్వు నోరు తెరిచి అడగలేదు గానీ నాకు అర్థమైంది. పెద్దనాన్న పెడతారు. అయినా నీ ఫారం నువ్వు వేయాల్సిందే, ఆయనది దానికి తోడు మాత్రమే. మేమిద్దరం, అల్లుడు కలిపి ముగ్గురి లెక్క, 2025 పట్టిక ప్రకారం 33,312 డాలర్లు దాటాలి. అమ్మమ్మకీ, మీ అత్తకీ సంతకం పెట్టింది నేను, ఆయన కాదు కాబట్టి ఆయన లెక్కలో వాళ్లని కలపక్కర్లేదు. ఆయన జీతం సరిపోతుంది.

కానీ ఇది మొహమాటానికి పెట్టే సంతకం కాదే. అల్లుడు పౌరుడయ్యేదాకా, లేదా ఇక్కడ అతని పేర రమారమి పదేళ్ల పని లెక్క పూర్తయ్యేదాకా ఆ బాధ్యత ఉంటుంది. మీరిద్దరూ విడిపోయినా పోదు. అశుభం మాట్లాడుతున్నానని అనుకోకు, ఫారంలో రాసిందే చెబుతున్నాను. పెద్దనాన్నకి చదివి వినిపిస్తే, అంతా విని "వాడు చెస్ ఆడతాడా?" అని మాత్రం అడిగారు.

ఫీజులు 120, 325 డాలర్లు వేరుగా కట్టాలి. మొదటిది ఈ ఫారం పరిశీలనకి, రెండోది వీసాది.

ట్యాక్స్ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే నీ రిటర్న్ వివరాల కాగితం, ఐఆర్‌ఎస్ (ఇక్కడి ట్యాక్స్ శాఖ) సైట్‌లో ఊరికే వస్తుంది, ఎవరికీ డబ్బివ్వకు. ప్రింటు తీసుకుని ఆదివారం రా, కూర్చుని నింపుదాం. అల్లుణ్ణి డిపాజిట్ కాగితాలు వాట్సాప్‌లో వంకర ఫొటోలుగా కాకుండా శుభ్రంగా స్కాన్ చేసి పంపమను.

మీ పెద్దమ్మ