బ్లాక్ చిన్నదే అయినా హార్ట్ ఎటాక్ ఎందుకొస్తుంది?

బ్లాక్ ఎంత పర్సెంట్ అన్నదొక్కటే చూస్తే సరిపోదండి. రక్తనాళం గోడలో పేరుకున్న ప్లాక్ (కొవ్వు పూడిక) లోపల మెత్తటి కొవ్వు ముద్ద, దానిమీద కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ పీచుతో అల్లిన పొర ఉంటాయి, ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఎక్కువైతే అక్కడ చేరిన మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు వదిలే ఎంజైములు ఆ కొల్లాజెన్‌ని కరిగించేస్తూ పోతాయి, పొర పల్చబడి ఎప్పుడో పుటుక్కున చిరుగుతుంది, లోపలి సరుకు రక్తానికి తగలగానే గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. చనిపోయినవాళ్ళ గుండెలు పరీక్షించి ఈ పొర 65 మైక్రాన్ల కంటే పల్చగా ఉంటే డేంజర్ అని లెక్కగట్టారు, అంటే దాదాపు వెంట్రుకంత మందం. మామూలు యాంజియోగ్రామ్‌లో ఇది కనపడదు, నాళంలోకి వైరు పంపి లైటుతో స్కాన్ చేసే ఓసీటీలో అయితే కొలవొచ్చు.

కానీ పల్చగా ఉన్నవన్నీ పగలవు. 2011లో వచ్చిన ప్రాస్పెక్ట్ స్టడీలో అల్ట్రాసౌండ్‌తో గుర్తించిన ఇలాంటి ప్లాకుల్లో సుమారు మూడేళ్ళలో ఇబ్బంది పెట్టినవి 5 శాతం లోపే (అందుకే కనపడిన ప్రతిదానికీ ముందే స్టెంట్ వేసేయడం నాకైతే తొందరపాటే అనిపిస్తుంది). కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు మాత్రం పొరని మందం చేస్తాయి, లోపలి కొవ్వు తగ్గిస్తాయి, కాకపోతే ప్లాక్ గట్టిపడుతూ కాల్షియం పెరగొచ్చు, కాబట్టి కాల్షియం స్కోర్ (సీటీ స్కాన్‌లో గుండె రక్తనాళాల్లోని కాల్షియంని కొలిచే లెక్క) పెరిగినంత మాత్రాన మందు పనిచెయ్యట్లేదని కాదు.