బేస్‌బాల్ కార్డులు: ఏ బాక్సు కొనాలి?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. పన్నెండేళ్ల మా అబ్బాయి రేంజర్స్ జట్టు అభిమాని, బేస్‌బాల్ కార్డులు పోగుచేస్తుంటాడు. పుట్టినరోజుకు ఒక బాక్సు కొనిద్దామని వెళ్తే టాప్స్ కంపెనీ సిరీస్ 1 హాబీ బాక్సు, బ్లాస్టర్, బోమన్ అంటూ ఎన్నో రకాలు కనిపించాయి. 1990 నాటి సీలు విప్పని బాక్సులు కొని దాచితే మున్ముందు మంచి ధర పలుకుతుందని మా బంధువొకరు అంటున్నారు. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: సెట్టు, అంటే ఒక సిరీస్‌లోని కార్డులన్నీ, పూర్తి చేయాలన్నది మీ అబ్బాయి కోరికా, లేక ఇష్టమైన ఆటగాళ్ల కార్డులుంటే చాలునా అన్నది ముందుగా అడిగి తెలుసుకోండి. సెట్టు కావాలంటే సిరీస్ 1 హాబీ బాక్సు (కార్డుల దుకాణాల్లో అమ్మే పెద్ద బాక్సు) ఒక్కటి కొనండి. 2025 సిరీస్ 1 మూల సెట్టులోనే (ప్రత్యేక కార్డులు కాక) 350 కార్డులున్నాయి కనుక ఒక్క బాక్సుతో అది పూర్తి కాదు. అయినా రెండో బాక్సు జోలికి వెళ్లవద్దు. అందులో చాలావరకు చేతిలో ఉన్నవే మళ్లీ వస్తాయి. తక్కువైన కార్డులను తోటి పిల్లలతో మార్చుకోవచ్చు, లేదా విడిగా కొనుక్కోవచ్చు. మామూలు కార్డులు విడిగా చాలా చవక.

హాబీ బాక్సులో ఆటగాడి సంతకమున్న కార్డో, జెర్సీ ముక్క పొదిగిన కార్డో ఒకటి తప్పక ఉంటుంది. ఎక్కువసార్లు వచ్చేది జెర్సీ ముక్కే కాబట్టి సంతకం మీద ఆశతో బాక్సు కొనడం దండగ. ఒక్కో రకం ప్రత్యేక కార్డు ఎన్ని ప్యాకెట్లకు ఒకటి వస్తుందో చెప్పే 1:24 వంటి అంకెలు ప్యాకెట్టు వెనుక సన్నని అక్షరాలతో ఉంటాయి. ఇరవై నాలుగు ప్యాకెట్లు విప్పితే ఆ కార్డు ఒకటి ఖాయమని వాటి అర్థం కాదు, ముద్రించిన ప్యాకెట్లన్నిటి మీదా అది సగటు మాత్రమే. వాటిని అబ్బాయి చేత చదివించండి. పిచర్ పాల్ స్కీన్స్ కార్డు, అదీ ఒకే ఒక్క ప్రతిగా ముద్రించినది, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పదకొండేళ్ల బాలుడికి దొరికి, 2025 మార్చిలో 11 లక్షల డాలర్లకు పైగా పలికింది. అటువంటి వార్తలు విన్న పిల్లలకు ఆశ పుట్టడం సహజమే గాని, పెట్టిన డబ్బుకు తగిన కార్డులు రాని బాక్సులే ఎక్కువ.

టాప్స్ వారిదే అయిన బోమన్‌లో ప్రధానంగా ఉండేది అగ్రస్థాయి పోటీ అయిన మేజర్ లీగుకు ఇంకా చేరని కుర్రాళ్లు. వారిలో చాలామంది ఎప్పటికీ చేరరు. అయితే రేంజర్స్ డబుల్-ఏ జట్టు (మేజర్ లీగుకు రెండు మెట్లు కింద ఆడే అనుబంధ జట్టు) రఫ్‌రైడర్స్ ఆడేది మీ ఊళ్లోనే కనుక, ఆ మ్యాచ్‌లకు వెళ్లే అలవాటుంటే బోమన్ కూడా బాగుంటుంది. మామూలు దుకాణాల్లో దొరికే చిన్న బాక్సు బ్లాస్టర్ చిన్న కానుకగా సరిపోతుంది.

1990 నాటి బాక్సులు మాత్రం పెట్టుబడిగా కొనవద్దని గట్టిగా చెబుతాను. అప్పట్లో కంపెనీలు లెక్కకు మించి అచ్చువేశాయి, జనం కూడా ధర పెరుగుతుందనే ఆశతో భద్రంగా దాచారు; అందుకే అవి నేటికీ కుప్పలుగా దొరుకుతున్నాయి. పాతతరం మేటి ఆటగాడు మికీ మాంటిల్ 1952 నాటి టాప్స్ కార్డు 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికిందంటే, అంత చక్కని స్థితిలో మిగిలినవి చాలా అరుదు కావడమే కారణం. అమ్ముడుపోని ఆనాటి కార్డులను సముద్రంలో పారబోయించామని టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ తర్వాతి కాలంలో చెప్పారు.

మరొక మాట. తల్లి వైపు నుంచి భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ 2024 సెప్టెంబరులో రేంజర్స్ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. అతని రూకీ కార్డులు, అంటే మేజర్ లీగు తొలి ఏడాది కార్డులు, 2025 సెట్లలో వచ్చాయి. ఆర్‌సీ (రూకీ కార్డు) గుర్తు ఉన్న కార్డును విడిగా కొని, బాక్సుతో పాటు మీ అబ్బాయికి ఇవ్వండి.