మూడూ తొమ్మిదీ

రాయగడ

తమ్ముడూ,

నీ కథ మొన్న ఆదివారం చేరింది. రెండుసార్లు చదివాను. విమాన ఇంధనం డ్రమ్ముల్ని విమానంలోనే సరుకుగా పంపడం మీద కథ! మన కోరాపుట్ వైపు రాసేవాళ్లలో ఎవరూ దీన్ని ముట్టుకోగా నేను చూడలేదు. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు.

నీ హీరో జయపురం విమానాశ్రయంలో నిండు డ్రమ్మును ఒక్కడే భుజానికెత్తుకున్నాడు. 200 లీటర్ల జెట్ ఇంధనమే సుమారు 160 కిలోలు, ఆపైన ఇనుప డ్రమ్ము బరువు. హమాలీలు దాన్ని ఎత్తరు. కాస్త వంచి, అంచు మీద తిప్పుకుంటూ నడిపిస్తారు. ఆ చేతులు ఒకసారి చూసి రా, భుజం సంగతి నువ్వే కొట్టేస్తావు.

తర్వాత, తొమ్మిది సీట్ల విమానంలో ప్రయాణికుల వెనక మూడు డ్రమ్ములు పెట్టించావు. ప్రయాణికులున్న విమానంలో ఈ సరుకు ఒక్కో ప్యాకింగులో 60 లీటర్లు దాటకూడదు. కార్గో విమానంలోనైతే 220 దాకా ఒప్పుకుంటారు. డ్రమ్ము మీద మంట బొమ్మ ఉన్న ఎర్ర చీటీ, విమాన ఇంధనమని గుర్తుపట్టే యూఎన్ 1863 అన్న నంబరు, కార్గో విమానానికి మాత్రమే అని చెప్పే నారింజ రంగు చీటీ ఉండాలి. లోపల ఏముందో, ఎంతుందో రాసి పంపేవాడు సంతకం పెట్టాలి. నువ్వేమో ‘కాగితాలు పూర్తయ్యాయి’ అని ఒక్క ముక్కలో దాటేశావు. నాకు కథంతా అక్కడే కనిపించింది. ఇంధనం వేడికి ఉబ్బుతుంది, పైకి వెళ్లేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, అందుకని డ్రమ్ములో కొంత ఖాళీ వదలాలి. నీ కథలో అంచుదాకా నింపేశారు. మూత తీసి చూడకుండానే సంతకం పెట్టిన గుమాస్తాకు ఆ రాత్రి నిద్ర పట్టిందా?

ఇక ఆ పేలుడు. బీడీ ముక్క పడగానే ఊరంతా అదిరిందన్నావు. జెట్ ఇంధనం పెట్రోలు కాదు, కిరసనాయిలుకి చుట్టం. దాని ఫ్లాష్ పాయింటు, అంటే పైన లేచే ఆవిరి నిప్పు అందుకునే వేడి, కనీసం 38 డిగ్రీలు. నీ కథ జరిగేది పుష్యమాసం చలిలో. మల్కనగిరి మే ఎండలోనైతే వేరే మాట. భయపెట్టాలనుంటే ఖాళీ డ్రమ్ముతో భయపెట్టు. లోపల ఆవిరి మిగిలి ఉంటుంది. ఖాళీదే కదా అని వెల్డింగుకి ఇచ్చారంటే అంతే సంగతులు.

ఇవన్నీ నాకూ మొదట్లో తెలియవు. కుర్రతనంలో ఒక హెలికాప్టర్ క్యాంపులో స్టోరు గుమాస్తాగా చేరాను. వానాకాలం. డ్రమ్ములన్నీ సైనికుల్లా వరసగా నిలబెట్టి మురిసిపోయాను. స్టోర్‌కీపరు, పర్లాకిమిడి మనిషి, చూసి తల పట్టుకున్నాడు. నిలబెట్టిన డ్రమ్ము నెత్తి మీద వాన నీళ్లు నిలుస్తాయి. పగలు వేడెక్కి రాత్రి చల్లబడేటప్పుడు అది ఊపిరి పీల్చినట్టు మూత సందులోంచి ఆ నీళ్లు లోపలికి లాక్కుంటుంది. ఇంధనంలో నీళ్లు చేరితే గాల్లో ఇంజను ఆగిపోవచ్చు. “పడుకోబెట్టరా బాబూ, రెండు మూతలూ గడియారంలో మూడూ తొమ్మిదీ దగ్గరుండాలి” అన్నాడు. అప్పుడు లోపలి ఇంధనమే మూతల్ని కప్పి ఉంచుతుంది, బయటి తడి లోపలికి రాదు. ఆ మాటని ఇన్నేళ్లలో నేను ఏ కథలోనూ ఇమడ్చలేకపోయాను. నీకు పనికొస్తే తీసుకో.

నీ కథలో మెకానిక్ గతం ఒట్టి బోలుగా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి, అస్సాం వైపు నుంచి హిమాలయాల మీదుగా చైనాకి ఇలాగే డ్రమ్ములు మోశారు. అక్కడి విమానాల కోసం ఇంధనం మోస్తూ, ఈ విమానాలు దారి పొడుగునా ఇంధనం తాగేవి. ఆ మెకానిక్ తాత అక్కడ పనిచేశాడనుకో, రెండు వాక్యాలు చాలు.

హమాలీ నోట ‘ఇంధనం’ అనిపించకు. అతను ఆయిలంటాడు.

తిరగరాసి పంపు. ఆ గుమాస్తాకి నువ్వింకా పేరు పెట్టలేదు, ముందు ఆ పని చూడు.

మీ అన్నయ్య